జాలీ లేని బెల్టు

పిండి మర నడిపే ఇల్లాలికి లోకంలో భయపెట్టనిదంటూ లేదు. కూతురు మెట్లు దిగుతుంటే "జారతావే, మెల్లిగా!" అని అరుస్తుంది. పొయ్యి దగ్గరికెళ్తే "ముందు జుట్టు ముడేసుకో" అంటుంది. అలాంటి మనిషి, మర బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీని ఊడదీసి గోడకు ఆనించేసింది. బెల్టు జారినప్పుడల్లా బోల్టులు విప్పి బిగించలేక చేసిన పని అది.

తనిఖీకి వచ్చిన అధికారి అది చూసి ముఖం చిట్లించాడు. "జాలీ బిగించేదాకా మర ఆపాలమ్మా. సీలు వేస్తాను."

"నా మర, నా చేతులు. తెగితే నావే తెగుతాయి. మీకేం నొప్పి సార్?" అంది. అంతలోనే గొంతు మార్చి, "పిల్ల చదువు మధ్యలో ఉంది. మా పొట్ట కొట్టకండి" అని కళ్ళొత్తుకుంది. ఆయన మెత్తబడ్డాడు. రేపే బిగించమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రేపు రానే లేదు.

ఓ చలి ఉదయం, బట్టలు కుట్టే పక్కింటి అక్క గోధుమలు తెచ్చింది.

"ఏమే, మొన్నటి పిండి మీ బావ గడ్డంలా గరుకుగా ఉంది!"

"బావతో వేగేదానివి, నీకు గరుకొక లెక్కా అక్కా?"

నవ్వుతూనే అక్క సంచీ కోసం వంగింది. శాలువా కొస బెల్టులో చిక్కుకుంది. దాన్ని లాక్కోబోయిన చెయ్యీ లోపలికి పోయింది.

ఆస్పత్రిలో అక్క కుడిచేతికి పెద్ద కట్టు. కత్తెర పట్టే వేళ్ళు మిగల్లేదు.

"ఏడవకే. నువ్వు కావాలని చేశావా ఏంటి?" అంది అక్క.

తిట్టినా బాగుండేది. ఇల్లాలు తల దించుకుంది. ఒళ్ళో తన రెండు చేతులూ చెక్కుచెదరకుండా కనిపించాయి. వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

విచారణకు ఆ అధికారే ఆస్పత్రికి వచ్చాడు. జాలీ దానంతటదే ఊడిపోయిందని చెప్పమని ఇంట్లో భర్త నూరిపోసి పంపాడు. ఆ మాట ఆమె నోటికి రాలేదు.

"నేనే తీశాను సార్. మీరు మాత్రం ఆ రోజెందుకు వదిలేశారు?"

"మీ కన్నీళ్ళు చూశానమ్మా. మర దగ్గరికొచ్చే నలుగురినీ చూడలేదు. ఆ తప్పు నాది."

"ఇప్పుడే వెళ్ళి సీలు వేయండి. మళ్ళీ ఏడుస్తాను, వినకండి."

అమ్మలారా, అయ్యలారా, మన వస్తువు, మన ప్రాణం, మన ఇష్టం అనుకుంటాం. మన ఇష్టం పక్కవాళ్ళ ప్రాణం మీదికి వచ్చేచోట ప్రభుత్వం అడ్డం నిలబడాలి. మనం బతిమాలినా సరే, పక్కకు తప్పుకోకూడదు.