టీవీ కింద బకెట్

ఆదివారం మిర్యాలగూడలో రైస్ మిల్లులకు సెలవు. మిల్లుల రోడ్డు మీది శ్రీనివాస్ టిఫిన్ సెంటర్‌లో పనిచేసే మైసమ్మకు మాత్రం ఆ రోజే పని ఎక్కువ. పొద్దున్నే వచ్చి, బల్లలు తుడిచి, గోడకున్న పెద్ద టీవీ కింద బకెట్ పెట్టేది. ఎక్కడో సముద్రాల అవతల రాత్రిపూట ఇనప బోనులో జరిగే కేజ్ ఫైట్లు ఇక్కడ టిఫిన్ల వేళకు వచ్చేవి. ఫైట్ మొదలైన కాసేపటికి టీవీ కారేది. ముందు చెమట, తర్వాత ఎంగిలి, ఆ తర్వాత నెత్తురు. అప్పుడప్పుడు ఒక పన్ను టంగుమని బకెట్‌లో పడేది.

మొదట్లో ఓనరు శ్రీనివాస్ మెకానిక్‌ను పిలిపించాడు. అతను చూసి, ఇట్లాంటి ఫైట్లు పెడితే ఏ టీవీ అయినా కారుతుందని, కింద ఏదన్నా పెట్టుకొమ్మని చెప్పి, టీ తాగి పోయాడు.

ఫైట్ల మీద పందెం కాసేవాళ్లు ఆ బకెట్ పక్కనే కూచుని ఇడ్లీ తినేవాళ్లు. చొక్కా మీద చుక్క పడితే కాగితంతో తుడుచుకుని మళ్లీ చట్నీలో చెయ్యి పెట్టేవాళ్లు. ఆ బకెట్ పారబోసి కడిగేది మైసమ్మే. సబ్బు పెట్టి ఎంత రుద్దినా గోళ్లలోంచి నీచు వాసన పోయేది కాదు. అన్నిటికన్నా ఆమెకు రోతగా ఉండేది ఏమిటంటే, ఆ కూచున్నవాళ్లలో ఆమె కొడుకు నాని కూడా ఉండేవాడు.

నానికి ఒక ట్రాలీ ఆటో ఉంది. నిడమనూరు నుంచి వడ్ల బస్తాలు మిల్లులకు తోలుతాడు. తండ్రి పోయినప్పటి నుంచి ఇల్లు ఆ ఆటో మీదే గడుస్తోంది. పందేలు రాసుకోవడానికి కోదాడ నుంచి శ్రీకాంత్ అనే అతను వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఎవరు గెలుస్తారన్నది ఒక్కటే కాదు, ఎవడి ముక్కు ముందు పగులుతుంది, ఎవడు ఎన్నో రౌండ్‌లో పడతాడు, అన్నిటికీ పందెమే.

ఆ ఆదివారం నాని బల్ల మీద ఆటో తాళంచెవి పెట్టాడు. పచ్చ నిక్కరు వేసుకున్న కుర్రాడు చివరి రౌండ్ గంట కొట్టేదాకా నిలబడతాడని అతని పందెం. మైసమ్మ కొడుకును పక్కకు పిలిచి వద్దని చెప్పింది. వాడు గట్టోడు, పడడు అని నాని ఆమె మొహం చూడకుండానే చెప్పి వెళ్లి కూచున్నాడు.

కుర్రాడు దెబ్బలు తింటూనే రెండు రౌండ్లు నిలబడ్డాడు. మైసమ్మ రెండుసార్లు బకెట్ పారబోసి వచ్చింది. చివరి రౌండ్ అయిపోవస్తుండగా ఎదుటివాడు వెనక నుంచి అతని మెడ చుట్టూ చెయ్యేసి బిగించాడు. అరచేత్తో మూడుసార్లు తడితే ఓడినట్టు లెక్క, వదిలేస్తారు. కుర్రాడు తట్టలేదు. రెఫరీ అటువైపు ఉన్నాడు, అతనికి మొహం కనబడదు. హోటల్లో కూచున్నవాళ్లందరికీ కనబడుతోంది. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. కళ్లు తేలిపోయాయి. ఒక చెయ్యి జారి, టీవీలోంచి మోచేతిదాకా బయటికి వచ్చి, దగ్గరి బల్ల మీద పడింది. అక్కడ తింటున్నవాళ్లు సాంబారు గిన్నెలు పక్కకు జరుపుకున్నారు.

గుడ్డ పట్టుకుని పక్కనే ఉన్న మైసమ్మ ఆ చేతిని అందుకుంది. చల్లగా ఉంది.

"ముట్టకమ్మా," అన్నాడు నాని మెల్లగా. "ఇంక ఇరవై సెకండ్లే."

ఆమె కొడుకు వైపు చూసింది. అతను గంట కొట్టడానికి మిగిలిన సెకండ్లే లెక్కపెడుతున్నాడు. శ్రీకాంత్ మూతి తుడుచుకుంటూ, "పెద్దావిడ ఇష్టమండీ, మనం అడ్డం రాకూడదు," అన్నాడు.

మైసమ్మ ఆ అరచేతిని బల్లకేసి మూడుసార్లు తట్టింది.

రెఫరీ ఉలిక్కిపడి, ఒక్క ఉదుటున వచ్చి ఇద్దరినీ విడదీశాడు. కుర్రాడు దగ్గి, ఊపిరి పీల్చుకున్నాడు. చెయ్యి లోపలికి పోతూ పోతూ ఆమె వేలిని ఒకసారి పట్టుకుని వదిలింది. శ్రీకాంత్ తాళంచెవి జేబులో వేసుకుని ఒక ప్లేటు వడ తెమ్మన్నాడు.

నాని నడిచి ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం మైసమ్మ అన్నం పెట్టింది.

"వాడు నీకేమైతడమ్మా? ఎవడో తెల్వనోని కోసం మన బతుకు ఖతం చేసినవ్."

"వాని మొకం నువ్వు సూడలె బిడ్డా. నేను సూసిన. సచ్చిపోతుండె."

నాని అన్నం కలుపుతూనే ఉన్నాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"నేను గూడ సూసిన."

నాని ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టకుండా కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు మిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. ఆదివారం పూట మిల్లుకు కావలి కూడా తానే ఉంటానని మేస్త్రీని అడిగి మరీ తీసుకున్నాడు.