తయారు చేసినవారి సంతకం

“నీ పేరెందుకే ఆ జీతాల పట్టికలో, ఇంటి మనిషివి కదా” అన్నాడు భర్త, సాక్సు ఒకటి చేతిలో పట్టుకుని రెండోదాని కోసం గదంతా చూస్తూ. రెండోది మంచం కింద ఉందని రంగులక్కకి తెలుసు. వంగి తీసి ఇచ్చింది. అతను తొడుక్కుని మేడమీది స్టూడియోకి వెళ్ళిపోయాడు. ఒకప్పుడైతే ఆ మాటకి ఒళ్ళు మండేది. ఇప్పుడేమీ కాలేదు. మడిచి కూర్చున్న కాలు తిమ్మిరెక్కితే తనది కానట్టు ఉంటుందే, మనసు అలా ఉండి చాలాకాలమైంది.

రంగులక్క అని పేరు పెట్టింది మేడమీద పనిచేసే నలుగురు అమ్మాయిలు. అది భర్త నడిపే స్టూడియో, పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీసే చిన్నది. కదిలే బొమ్మలు ఆ అమ్మాయిలు చేస్తారు. వాటి వెనక కనబడే ఇళ్ళు, వీధులు, చెట్లు, ఆకాశం, అన్నీ రంగులక్క గీస్తుంది, కింద భోజనాల బల్ల మీద. అన్నాల వేళకి కాగితాలు తీసేసి, బల్ల తుడిచి, వడ్డించి, మళ్ళీ తుడిచి, మళ్ళీ పరుస్తుంది. ఆ అమ్మాయిలకి జీతాలున్నాయి. ఈవిడకి బిరుదు ఉంది.

ఈ ఏడాది ఆ ప్రాంతపు ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. స్థానికులకి జీతాలిచ్చి సినిమాలో, పాటలో, బొమ్మలో తయారు చేయిస్తే, ఆ జీతాల్లో మూడోవంతు స్టూడియో కట్టాల్సిన పన్నులోంచి తగ్గిస్తారు. ఆ రాయితీ వస్తేనే రెండో సీజను. రాకపోతే మేడమీద తాళమే. అందుకని ఒక పట్టిక నింపాలి: ఏ దృశ్యం ఎవరు గీశారు, ఎన్ని గంటలు పట్టింది, జీతమెంత. నింపే పని కూడా ఆమెకే వచ్చిపడింది, ఓపికున్నదానివని. కానీ ఆమె గీసిన వాటికి ఏడాదిగా జీతం పడుతున్నది మరిది పేరున. అతనికి ఇంటి లోను కావాలి, లోనుకి జీతం చూపించాలి. “నీకిస్తే మాత్రం ఎక్కడికి పోతుందమ్మా, తిరిగి ఈ ఇంటికే కదా” అంది అత్తగారు అప్పట్లో. మరిదికిస్తే ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు. అతను స్టూడియోకి వచ్చేది చల్లటి గదిలో కాళ్ళు బారజాపుకుని మ్యాచ్ చూడటానికి.

గంటలు ఆమె ఎక్కడా రాసి పెట్టుకోలేదు. కానీ ఏ బొమ్మ గీస్తున్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందో అంతా గుర్తే, దాన్నిబట్టే రాసుకుంటూ పోయింది. నది ఒడ్డు: అత్తగారికి కంటి ఆపరేషనయి గంటకోసారి చుక్కలు వేసిన వారం, నలభై గంటలు. కొండ కింద బడి: కూతురికి జ్వరం తగ్గక, ఒక చెయ్యి దాని నుదుటి మీద, ఒక చెయ్యి కుంచె మీద, యాభై రెండు. వానలో తడుస్తున్న వీధి: మూడో నెలలో కడుపు పోయిన వారం, ముప్పై ఆరు. “పడుకుంటే లేనిపోని ఆలోచనలొస్తాయి, చేతికేదైనా పని పెట్టుకో” అంది అత్తగారు ఆ వారం. ప్రేమతోనే అంది. ఈవిడ పెట్టుకుంది. అన్నీ కలిపితే పదకొండు వందల గంటలు దాటాయి. పక్క గడులన్నిట్లో మరిది పేరు రాసింది. ఏమీ అనిపించలేదు. అనిపిస్తే బాగుండుననుకుంది.

తనిఖీకి అధికారి వస్తున్నారని కబురొచ్చింది. గీసినవాళ్ళతో మాట్లాడందే పన్నుల ఆఫీసు రాయితీ ఇవ్వదట. “అక్కడ నీళ్ళు నమలకు, వదిన దగ్గర కూర్చుని నేర్చుకో” అని భర్త తమ్ముడికి చెప్పాడు. మూడు రోజులు పాఠాలు నడిచాయి.

“వదినా, ఈ నీడలన్నీ ఎడమవైపే పడ్డాయేంటి?”

“పొయ్యి కనబడేట్టు కూర్చుంటే కిటికీ కుడిపక్కకొస్తుంది. వెలుతురు అటునుంచే వస్తుంది. చూసిందే గీశాను.”

“పొయ్యి గొడవ చెప్తే నవ్వుతారు వదినా. నా స్టైల్ అని చెప్పేస్తాలే.”

అతను చెడ్డవాడేం కాదు. ఆమె చెప్పినదంతా ఒక కాగితం మీద శ్రద్ధగా రాసుకున్నాడు కూడా. పన్నెండేళ్ళ సంసారంలో ఆమె చెప్పిన మాట ఆ ఇంట్లో ఒకరు రాసుకోవడం అదే మొదలు.

వచ్చిన అధికారి రిటైర్మెంటు దగ్గరపడ్డ ఆవిడ. ముందుగదిలో కూర్చుని, కళ్ళజోడు పైకి తోసుకుంటూ బొమ్మలు ఒక్కొక్కటే తిప్పింది. ఎదురుగా భర్త, మరిది. తలుపు పక్క కుర్చీలో అత్తగారు. రంగులక్క టీ కప్పులు పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది. నీడల ప్రశ్న వచ్చింది. మరిది స్టైలన్నాడు. ఆవిడ రాసుకుంది. తర్వాత వానలో తడిసిన వీధి దగ్గర ఆగిపోయింది.

“చూస్తుంటే మనసు ఎలాగో అయిపోతోంది. ఎలా గీశావు బాబూ దీన్ని?”

“అదా మేడమ్? ఓ ఆదివారం ఊసుపోక గీసేశాను. పెద్ద కష్టమేం కాదు.”

“ముప్పై ఆరు గంటలని ఉందే ఇక్కడ?”

భర్త చప్పున అందుకున్నాడు. “వాడెప్పుడూ అంతేనండీ, చేసిన కష్టం చెప్పుకోడు.”

అందరూ నవ్వారు. చిన్నకొడుకు వినయానికి అత్తగారు మురిసిపోయింది. అధికారి టిక్కు పెట్టి కాగితం తిప్పేసింది. గండం గడిచింది.

ఊసుపోక. ఆ వారం బల్ల ముందు నిటారుగా కూర్చోలేక నడుము వెనక తలగడ పెట్టుకుంది రంగులక్క. నీలం రంగు అయిపోతే, ఇంట్లో అంత జరిగాక రంగు కొనిపెట్టమని ఏం అడుగుతాంలెమ్మని, నలుపులో నీళ్ళు కలిపి ఆకాశం వేసింది. పోయిన బిడ్డ గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడాల్సిందంతా ఆ ఆకాశంలోనే పెట్టింది. అదిప్పుడు ఇంకెవరి ఆదివారమో అయిపోయింది. ఎన్నాళ్ళకో ఆమెకి నొప్పి తెలిసింది.

“ఇంక ఒక్క సంతకం. పట్టిక తయారు చేసిందెవరు?” అంది అధికారి.

“మా ఆవిడేనండీ. ఏయ్, ఇలా రా.”

కాగితం అడుగున అచ్చు వేసి ఉంది: పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను. దాని కింద సంతకానికి చోటు. ఆ స్టూడియో కాగితాలన్నిట్లో ఆమె కోసం వదిలిన చోటు అదొక్కటే, అబద్ధానికి పూచీ పడటానికి.

“పెట్టేసెయ్, మేడమ్ గారికి ఆలస్యమవుతోంది” అన్నాడు భర్త.

ఆమె కలం తీసుకుంది. పేజీ వెనక్కి తిప్పి మరిది పేరున్న గడులన్నిటి మీదుగా నిలువునా ఒకే గీత కొట్టింది. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా వచ్చింది.

“ఈ వెనక బొమ్మలన్నీ నేను గీసినవి మేడమ్. గంటలు నిజమే. మనిషి పేరే అబద్ధం.”

మరిది కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. “ఇంటి గుట్టు బజారున పెడతావా అమ్మాయ్” అంది అత్తగారు, గొంతు పెంచకుండా. భర్త లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “సంతకానికి ముందే చెప్పారు, మంచిది. ఈ వరుసలు కొట్టేస్తాను. మిగతా నలుగురి జీతాల మీద రాయితీ వస్తుంది. మీకు జీతమెంత ఇచ్చారమ్మా?”

“ఇవ్వలేదండీ.”

“అయితే మీ గంటలు రాసుకోడానికి వీల్లేదు. జీతం ఇవ్వని పని మా చట్టం ప్రకారం పని కిందికి రాదు.” ఆ మాట తల దించుకునే చెప్పింది. ఆవిడకీ ఒక ఇల్లుంది కాబోలు.

నలుగురిదీ వస్తుందనేసరికి భర్తకి ఊపిరొచ్చింది. “సరేలే, పోయిందేదో పోయింది. సోమవారం రెండో సీజను మొదలెట్టాలి కదా, అందులో నీ పేరు కూడా వేయిద్దాం. సరేనా?” అన్నాడు, మారాం చేసే పిల్లకి పిప్పరమెంటు బిళ్ళ ఇస్తానన్నట్టు.

రంగులక్క తీరిగ్గా సంతకం పెట్టి కలం అధికారికి ఇచ్చేసింది.

“అక్కర్లేదండీ, ఇవాళ్టితో మానేస్తున్నాను. అది పని కాదని మేడమ్ గారే చెప్పారు కదా, రాజీనామా కూడా రాయక్కర్లేదు.”