గోడ దిక్కు పొగ

ఎనభైల చివర్లో ఫిలింనగర్ బస్తీకి నిప్పంటుకుంటే ఫైరింజన్ వచ్చేసరికి బూడిదే మిగిలేది. ఆ సందుల్లోకి ఆటో రావడమే గగనం. అందుకే ఫైర్ ఆఫీసర్ జాన్ బాబు ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వచ్చి, ఇసుక బకెట్లతో మంటలార్పడం బస్తీ ఆడవాళ్లకు నేర్పాడు. స్తంభానికి రైలు పట్టా ముక్క వేలాడదీసి, పొగ కనబడగానే ఆ గంట కొట్టే పని వాళ్లలో ఒకరైన కొమురమ్మకు అప్పగించాడు. "సగం పని మాది, సగం మీదండీ" అనేవాడు. గవర్నమెంటు మనిషి తనను 'అండీ' అనడం కొమురమ్మకు అదే మొదలు. పొంగిపోయింది.

అయితే గోడ అవతల స్టూడియో. అక్కడ షూటింగుకు పొగ పెట్టినప్పుడల్లా కొమురమ్మ గంట కొట్టేది, జనం పరుగెత్తేవారు, ఎవరో ఫోన్ చేస్తే ఫైరింజన్ ఆయాసపడుతూ బస్తీ గుట్టెక్కేది. తీరా చూస్తే అవతల హీరోగారి పాట! బస్తీ అంతా ఆమెను ఆటపట్టించింది. పాపం, ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"గోడ దిక్కు పొగొస్తే ముందుగాల స్టూడియో గేటు కాడ అడిగొస్త సారూ. గప్పుడే కొడత" అంది ఆదివారం మీటింగులో.

"బాగుందండీ, అలాగే చేద్దాం" అన్నాడు జాన్ బాబు. అందరూ చేతులెత్తారు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం గోడ దిక్కున పొగ లేచింది. కొమురమ్మ గేటుకు పరుగెత్తింది. "ఇయ్యాల షూటింగే లేదు" అన్నాడు వాచ్‌మన్. ఆమె తిరిగొచ్చి గంట కొట్టేసరికి, గోడనానుకుని ఉన్న బుచ్చమ్మ గుడిసె కప్పు కూలిపోయింది. పక్క గుడిసెలు దక్కాయి. కాళ్లు పడిపోయి మంచంలో ఉన్న బుచ్చమ్మ దక్కలేదు.

రోజూ పొద్దున ఆ ముసలిదానికి చాయ్ తాగించేది కొమురమ్మే.

దినాలయ్యాక జాన్ బాబు వచ్చాడు. కొమురమ్మ గంట కొట్టే ఇనుప కడ్డీ తెచ్చి అతని ముందు పెట్టింది. "తీస్కపోండ్రి సారూ. ఇగ నాతోని కాదు."

"మీ తప్పేం లేదండీ. అడిగొచ్చాకే గంట కొట్టమన్నది నేనేనని పైవాళ్లకు చెప్పాను. నన్ను వేరే ఊరికి మార్చేశారు."

కొమురమ్మకు ఒళ్లు మండిపోయింది. "గదేంది సారూ? గా మాటన్నది నేను. మంచిగున్నప్పుడు సగం సగమంటిరి. బుచ్చవ్వ పోయినంక అంతా మీదేనా? బస్తీ మొత్తం మీ ఆఫీసుకొచ్చి చెప్తం!"

అందరినీ పిలవాలని కడ్డీ అందుకుని గంట కొట్టింది.

ఆమె చెయ్యి దించకముందే తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు ఇసుక బకెట్లతో వచ్చి నిలబడ్డారు, పొగ ఎక్కడా అని వెతుకుతూ. ఆ రోజు ముందే కొట్టి ఉంటే అప్పుడూ ఇంతే తొందరగా వచ్చేవాళ్లు.

కొమురమ్మ చేతిలోంచి కడ్డీ జారిపోయింది. "బుచ్చవ్వా" అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది.