వచ్చినవాళ్లకి నూడిల్స్

హుయిలాన్ ముంజేతులు పిండిలోకి దించి, ఒంటి బరువంతా వేసి పిసుకుతోంది. యాభై దాటిన మనిషి. వంగిన నడుము, మూటలు మోసేవాడిలాంటి భుజాలు, ఉబ్బిన వేలికణుపులు. పొయ్యి మీద ఆవిరి రొట్టెల వెదురు బుట్టలు అప్పుడే పొగలు కక్కుతున్నాయి.

"షిలిన్ వచ్చాడా?" వెనక గదిలోంచి తల్లి అడిగింది.

"తమ్ముడు దారిలో ఉన్నాడమ్మా."

"నూడిల్స్ చెయ్యి. ఆ ముద్ద రొట్టెలు వాడి మొహాన కొట్టకు."

"అలాగేలే."

చైనాలో ఈ షాన్‌దోంగ్ వైపు ఏ ఇంట్లోనైనా అంతే. ఊరికి వెళ్లేవాళ్లకి క్షేమంగా తిరిగి రావాలని మాంసం కూరిన కుడుములు పెడతారు, వచ్చినవాళ్లకి నూడిల్స్ పెడతారు. హుయిలాన్‌ని మూడేళ్లప్పుడు, రెండోదీ ఆడపిల్లేనా అని మేనత్తకి ఇచ్చేశారు. ఆ పొద్దున పొయ్యి మీద కుడుములు లేవు. పెడితే మళ్లీ వస్తుందని భయం కాబోలు! మేనత్తకి కొడుకు పుట్టగానే ఆవిడా తిప్పి పంపేసింది. "పారబోసిన నీళ్లు మళ్లీ గడప ఎక్కాయే," అంది తల్లి. ఆ రోజు అడుగంటిన గంజి పోసింది.

ఇప్పుడు ఆ తల్లి మంచం పట్టింది. ఒళ్లు తుడిచేదీ, పక్క మార్చేదీ హుయిలానే. మనసులో ఒక్కటే ఆశ. పోయేలోగా అమ్మ తనని ఒక్కసారి "నువ్వు తిన్నావా?" అని అడగాలి. వీధిలో కుక్కని కూడా అడిగే మాటే అది.

రొట్టెలు కొనడానికి వచ్చిన పక్కింటి సున్ పిన్ని ఊరుకోలేదు. "రెండిళ్లవాళ్లూ గెంటేశారు, అయినా మోస్తున్నావు. మనిషివా, గాడిదవా?"

"గాడిదకైతే వేళకి గడ్డి పడుతుంది పిన్నీ. ఎన్ని రొట్టెలు?"

పిన్ని పడీ పడీ నవ్వింది. హుయిలాన్‌కి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. లోపలంతా ఎప్పుడో కాయ కాచిపోయింది.

మధ్యాహ్నం నూడిల్స్ సాగదీసి, ఉడికించి, పైన గుడ్డు వేసింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా, కుదరలేదే. వచ్చే వారం చూస్తా. అమ్మకి నువ్వే చెప్పు."

చెప్పింది. తల్లి పెదవులు కదిపింది. హుయిలాన్ గబుక్కున వంగి చెవి ఆనించింది.

"ఆ నూడిల్స్ నువ్వు తినెయ్యకు. రేపు వాడికి వేడిచెయ్యి."

అదే ఆఖరి మాట. హుయిలాన్ బుట్టలు దించి వచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. తల్లి కళ్లని చేత్తో మూసి, దుప్పటి సరిచేసింది. వెళ్లి గిన్నె తెచ్చుకుని మంచం పక్కనే కూర్చుంది.

"తిన్నావా హుయిలాన్?" పైకే అడిగింది.

"తింటున్నా," అంది. చల్లారిపోయిన నూడిల్స్ ఒక్క పోగు వదలకుండా తిన్నది, పులుసు కూడా తాగింది. తమ్ముడికి ఫోన్ చెయ్యాలని లేచింది.

మంచం కింద తల్లి నల్ల గుడ్డచెప్పులు, లేవగానే కొడుక్కి ఎదురెళ్లాలని, గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి.