తిరుగుదారిలో తీసిన అద్దాలు

మల్లన్న ఫలక్‌నుమాలో రైల్వే కీమ్యాన్. భుజాన సుత్తె వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులను కొట్టి బిగించడం అతని పని. పోయేటప్పుడు కళ్లజోడు పెట్టుకుంటాడు, తిరిగి వచ్చేటప్పుడు తీసి జేబులో వేసుకుంటాడు. పొద్దంతా అద్దాలుంటే కళ్లు సోమరివైపోతాయని, కాసేపు తీస్తే వాటికి విశ్రాంతి అని పని నేర్పిన రామలింగం చెప్పాడు. మల్లన్నకు ఆయన మాట వేదవాక్కు. ఆ రామలింగమే నిరుడు మలుపు దగ్గర రైలు కింద పడ్డాడు. మనిషి నుజ్జునుజ్జయ్యాడు కానీ, గుండీ పెట్టిన జేబులో కళ్లజోడు చెక్కుచెదరలేదు. అది కళ్లారా చూసి కూడా మల్లన్న తన అలవాటు మానలేదు. చెప్తే విననివాణ్ణి చెడంగ చూడాలని ఊరికే అనలేదు.

ఈమధ్య తిరుగుదారిలో అతని ముందు ఎవరో నడుస్తున్నారు. అద్దాలు పెట్టుకుంటే ఎవరూ ఉండరు. తీస్తే పట్టాలు, ఇళ్లు, సిగ్నలు అన్నీ అలుక్కుపోతాయి. ఆ మనిషి మాత్రం చొక్కా వెనక చిరుగుతో సహా స్పష్టంగా కనిపిస్తాడు. నడక రామలింగానిదే. రోజురోజుకూ దగ్గరవుతున్నాడు.

ప్రాణభయంతో మల్లన్న కంటి డాక్టరు బిందుమాధవి దగ్గరకు పోయాడు. ఆమె పరీక్షలన్నీ చేసి జబ్బేమీ లేదంది. అద్దాలు తీసినంత మాత్రాన కళ్లకు విశ్రాంతి దొరకదని, పెట్టుకుంటే పాడవవని, తీస్తే దూరం మసకబారుతుంది అంతేనని నచ్చజెప్పింది.

"మసకల ఒక్కడే సాఫ్ కనబడుతడా మేడమ్?"

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "అలా కనబడరండీ. పట్టాల మీద మాత్రం అద్దాలు తీయకండి, మీకు దండం పెడతాను."

తీయనని ఒట్టు పెట్టుకున్నాడు. మర్నాడు తిరుగుదారంతా అద్దాలతోనే నడిచాడు. దారి ఖాళీగా ఉంది. మలుపు దగ్గరకు వచ్చేసరికి మనసు పీకింది. కూడు పెట్టే పని నేర్పిన మనిషికి ఒక మాటైనా చెప్పకుండా పోవడం ఏం మర్యాద అనుకున్నాడు. ఒక్కసారికే కదా అని అద్దాలు తీశాడు.

రామలింగం మూరెడు దూరంలో, ఇటు తిరిగి నిలబడి ఉన్నాడు. మొహం నిమ్మళంగా ఉంది.

"ఇగ నేను అద్దాలు తియ్యను ఉస్తాద్," అన్నాడు మల్లన్న.

"గట్లనే కానీ బిడ్డా. ఇయ్యాల్టికి కండ్లకు జర ఆరాం ఇయ్యి," అంటూ రామలింగం అతని చేయి పట్టుకున్నాడు.

ఆ చేయి చలికాలపు ఇనుములా ఉంది. అయినా మల్లన్నకు హాయిగా, నిద్ర వచ్చేటట్టుగా అనిపించింది. రామలింగం వెనక మసకలో ఏదో పెద్దదవుతోంది. కూత చెవిన పడ్డాక కానీ అది రైలని తెలియలేదు. చేయి విదిలించుకుని పక్కకు దూకాడు. బోగీలన్నీ పోయేదాకా కంకరలో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఆ తరవాత, చేతిలోంచి జారిపోయిన అద్దాల కోసం చుట్టూ తడిమాడు. ఎక్కడా దొరకలేదు. వంగినప్పుడు గుండె మీద ఏదో గట్టిగా ఒత్తుకుంది. కళ్లజోడు నీటుగా మడిచి అతని జేబులోనే ఉంది. జేబుకు గుండీ కూడా పెట్టి ఉంది.