స్లో వాల్వ్

లాక్‌డౌన్‌తో మా మరమగ్గాలు ఆగిపోయిన 2020 వేసవిలో, పనిలేనిదల్లా నా కంటికి దండగగానే కనిపించింది. పాత టర్బో కారు మొరాయిస్తే, మెకానిక్ రాజమౌళి పొగను మళ్లీ ఇంజిన్‌లోకి తిప్పే వాల్వ్ తీసేశాడు. స్లో వాల్వ్ దగ్గర చెయ్యి ఆపాడు.

"ఇది బండి నిలబడ్డప్పుడు ఇంజిన్ ఆగకుంట చూస్తది సేఠ్. ఉండనియ్."

"నిలబడ్డ బండికి ఖర్చెందుకు? అదీ పీకెయ్."

తరువాతి వంతు కొమురవ్వది. సూరత్ పక్కన పల్సానాలోని మా షెడ్డులో మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. కూర్చోబెట్టి తిండి పెట్టలేనని చెప్పి, తెలంగాణలోని వాళ్ల ఊరికి రైలెక్కించడానికి అదే కారులో సూరత్ బయల్దేరాను.

దారిలో బండ్లు ఆపి తనిఖీ చేసే పోలీసుల నాకా, పొడుగాటి బండ్ల వరుస. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, ఇంజిన్ ఆగిపోతోంది.

వెనక సీట్లో మూట పట్టుకున్న కొమురవ్వ నవ్వింది. "ఏంది సేఠ్, జర నిలబడితేనే సచ్చిపోతాంది? నా లెక్క దీనికి గూడ కూసుండవెట్టి తిండి వెడ్తలెవ్వా?"

నాకు నవ్వు రాలేదు. మగ్గాలు మళ్లీ మొదలైన రోజున కండెలు చుట్టేదెవరు? కాలు తీయకుండానే కారు వెనక్కి తిప్పాను.

"టేషన్ అటు గదా?"

"షెడ్డుకు పోదాం. దారిలో రాజమౌళి దగ్గర జర ఆగాలె."