రెండు కార్డులూ ఆయన చేతిలోనే

విశ్వనాథంగారు పెళ్లయిన నాటి నుంచీ భార్యకు నాలుగడుగులు ముందే నడుస్తారు. వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. జ్ఞానప్రసూన వెనకాలే వస్తుందన్నది ఆయనకు తెల్లవారడమంత ఖాయం. ఓడ ఆగిన గ్రీకు ద్వీపంలోనూ అలాగే నడిచారు.

అమెరికాలో, హెర్న్‌డన్‌లో పొద్దున ఆఫీస్‌కి వచ్చిన కూతురు శ్రీవల్లికి ఓడ మీంచి ఆయనే ఫోన్ చేశారు. అమ్మ కనబడటం లేదన్నారు. కూతురి దగ్గర ఆర్నెల్లుండి తెనాలికి తిరిగి వెళ్తూ, షష్టిపూర్తి కానుకగా ఆమె బుక్ చేసిన క్రూజ్ ఎక్కారు ఇద్దరూ. ఓడ దూరంగా లంగరేసి జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చిందట. సాయంత్రానికి మనిషిని నిలబడనివ్వని గాలి రేగింది. అందరూ వెంటనే వచ్చేయాలన్నారు. ఒకటే తోపులాట. ఓడెక్కేవాళ్ల కార్డులు చూసే చోట ఈయనగారు పౌచ్‌లోంచి రెండు కార్డులూ తీసి తనే ఇచ్చారు, సినిమా హాల్లో రెండు టిక్కెట్లిచ్చినట్టు. ఆ హడావిడిలో వాళ్లూ మొహాలు చూడలేదు. ఓడ కదిలిపోయింది.

ఇప్పుడు ఓడవాళ్లు ఆవిడ లోపలే ఉందంటారు. మూలమూలా వెతికారు, లేదు. ఇక మిగిలింది సముద్రమే. ఆ మాట ఎవరూ పైకి అనడం లేదు.

"పడవలో వెనకే కూర్చుందనుకున్నానమ్మా," అన్నారాయన.

ఆమె పార్కింగ్ లాట్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. క్రూజ్ కంపెనీకి చేసింది, ఎంబసీకి చేసింది. అమ్మ ఒడ్డునే ఉండిపోయిందేమో, వెతకండి మహాప్రభో అంటే, కార్డు చూపించాక ఓడలో లేకుండా ఎలా ఉంటుందని ఎదురడిగారు. అమ్మ ఫోనూ, పాస్‌పోర్టూ, డబ్బూ అన్నీ నాన్న పౌచ్‌లోనే. ఇప్పించింది తనే. ఎయిర్‌పోర్ట్‌లో, నలుగురి ముందూ, నువ్వు పారేస్తావ్, అన్నీ నాన్నకిచ్చెయ్ అంది. అమ్మ మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. ఆర్నెల్లూ అదే వరస, మైక్రోవేవ్‌లో స్టీలు గిన్నె పెడితే తిట్టు, గరాజ్ తలుపు వెయ్యకపోతే తిట్టు. ఏ దేవుడికి మొక్కాలో తోచక శ్రీవల్లి కారుకు ఆనుకుని ఏడ్చింది.

అప్పుడు తెనాలి నుంచి పక్కింటి కనకదుర్గ ఫోన్ చేసింది. ఇంట్లో ఫోను లేని రోజుల్లో ఆ పక్కింటి నంబరే వీళ్ల పీపీ నంబరు. శ్రీవల్లికి ఉద్యోగం వచ్చిన కబురు కూడా ఆ ఫోనుకే వచ్చింది.

"మీ అమ్మ క్షేమంగానే ఉందే. ఏదో కాఫీకొట్లో కూర్చోబెట్టారంట. వాళ్ల ఫోన్లోంచే నాకు చేసింది. నంబరు రాసుకో."

శ్రీవల్లి నంబరు రాసుకుంది. పీపీ నంబరు గుర్తుంది కాబట్టి సరిపోయింది పిన్నిగారూ, నా నంబరు అమ్మకి రాదుగా, అంది కళ్లు తుడుచుకుంటూ.

కనకదుర్గ మధ్యలోనే అందుకుంది.

"నాకు నీ నంబరు చెప్పిందే మీ అమ్మ. మా ఆయన చేత ఓడవాళ్లకి చెప్పించమంది. కుదరకపోతేనే అమ్మాయికి చెయ్యి, తిడుతుంది, అంది. ఓడవాళ్ల సంగతి మాకేం తెలుసే, అందుకని నీకు చేశాను."

శ్రీవల్లి ఆ నంబరు కొట్టింది. ఎవరో ఎత్తి, అర్థం కాని భాషలో ఏదో అని, ఫోను అమ్మకిచ్చారు. వెనక గాలి హోరుమంటోంది. శ్రీవల్లి అమ్మా అనేలోపే ఆవిడ గబగబా అంది.

"నేనేం పారెయ్యలేదమ్మా."